సముద్రం లేని దీవుల్లో మూడు రోజులు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... రైల్లో వెళ్తూ కిటికీలోంచి చూసి వదిలేసే ఊళ్లివి. మూడు రోజులు ఆగి చూస్తే మాత్రం రాళ్ల మధ్య రాజుల కథ, గాలిలో వాన కథ, గుంట మగ్గం మీద ఓ ఇంటి కథ కనిపిస్తాయి.

ఆగస్టు పదిహేను, ఉదయం ఏడున్నర. హిందూపురం రైల్వేస్టేషన్ బయట బండి చుట్టూ ఐదుగురు మిత్రులు నిలబడి ఉగ్గాని, బజ్జి తింటున్నారు. ముగ్గురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. పదిహేనేళ్ల క్రితం ఇదే ఊళ్లో కలిసి డిగ్రీ చదివారు. ఇప్పుడు ఒకరు జాగ్రఫీ లెక్చరర్. ఒకావిడది బ్యాంకు ఉద్యోగం, ఇంకొకావిడ స్కూలు టీచరు. ఒకరు పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఐదో మనిషిది ధర్మవరం. నేత కుటుంబంలో పుట్టి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నాడు.

నిజానికి వాళ్లు వెళ్లాలనుకున్నది ఇక్కడికి కాదు. కరీబియన్ దీవులకి!

స్నేహితులంతా కలిసి ఓ తెరచాప పడవ అద్దెకు తీసుకోవడం, దాంట్లోనే వండుకుని, దాంట్లోనే పడుకుని, రోజుకో దీవి చొప్పున తిరగడం... ఇదీ వాళ్ల కల. బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో 1960ల చివరి నుంచీ ఇలా పడవలు అద్దెకిస్తున్నారు. నడపడం వచ్చినవాళ్లు గుంపులో ఒక్కరుంటే చాలు, సిబ్బంది లేకుండా పడవ చేతికిచ్చేస్తారు. దీవులు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి, ఒక రేవులో లంగరు ఎత్తేసరికే రెండోది కళ్లముందు కనిపిస్తూ ఉంటుంది. దారి తప్పే భయం తక్కువ. పైగా తూర్పు నుంచి ఒకే తీరుగా వీచే గాలి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ గాలిని నమ్ముకుని వందల పడవలు తిరుగుతుంటాయి.

ఐదేళ్లపాటు వాట్సప్‌లో మాట్లాడుకున్నారు. తీరా లెక్క వేస్తే ఒక్కొక్కరి వాటా లక్షల్లో తేలింది. దానికి తోడు వీసాలు, సెలవులు, పిల్లల పరీక్షలు. పైగా ఐదుగురిలో ఒక్కరికీ పడవ నడపడం మాట అటుంచి, ఈతే రాదు!

‘దీవులే కావాలంటే మనూళ్లల్లో లేవా?’ అన్నాడు జాగ్రఫీ లెక్చరర్ ఓ రోజు. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. చదునైన నేల మీద ఒంటరిగా లేచిన రాతికొండని భూగోళ శాస్త్రంలో ‘ఇన్‌సెల్‌బర్గ్’ అంటారు. జర్మన్ మాట. ‘ఇన్‌సెల్’ అంటే దీవి, ‘బర్గ్’ అంటే కొండ. చుట్టూ ఉన్న మెత్తటి నేల కోట్ల సంవత్సరాలపాటు కోసుకుపోగా, గట్టిరాయి మాత్రం మిగిలిపోతే అది ఇన్‌సెల్‌బర్గ్. హిందూపురం నుంచి ధర్మవరం దాకా రైలు కిటికీలోంచి రెండువైపులా కనిపించేవి ఆ కొండలే. ఆ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు.

అలా కుదిరింది ఈ ప్రయాణం. మూడు రోజులు, మూడు రేవులు. పడవ నియమాలే ఇక్కడా పెట్టుకున్నారు. రోజుకొకరు కెప్టెన్, ఆ రోజు ఆయనో ఆవిడో చెప్పిందే వేదం. ఖర్చుకు ఉమ్మడి సంచి. దాని తాళం బ్యాంకావిడది. ఎవరూ విడిగా జేబులో చెయ్యి పెట్టకూడదు!

బజ్జి ముగిసేలోగా ధర్మవరం మిత్రుడి ఫోను మోగింది. ‘ఆదివారం వస్తాను మేస్త్రీ. ఇంటికాడికి రా, చూపిస్తా’ అని పెట్టేశాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

మొదటి రేవు: హిందూపురం

మరాఠా సర్దారు మురారిరావు తన తండ్రి హిందూరావు పేరిట కట్టించిన ఊరు కాబట్టి హిందూపురం అయిందంటారు. కర్ణాటక ఆనుకునే ఉంటుంది. బజారులో తెలుగులో మొదలైన బేరం కన్నడంలో తెగుతుంది. చింతపండు, బెల్లం, మిరపకాయలకు పెద్ద మార్కెట్టు. అన్నిటికన్నా చూడాల్సింది పట్టుగూళ్ల మార్కెట్టు. చుట్టుపక్కల ఊళ్లలో మల్బరీ వేసి పురుగుల్ని పెంచే రైతులు గూళ్లను ఇక్కడికే తెస్తారు. తెల్లగా, పచ్చగా గుట్టలు గుట్టలుగా పోసిన గూళ్లను కొనేవాళ్లు గుప్పిట్లోకి తీసుకుని చెవి దగ్గర ఆడించి చూస్తారు. లోపలి పురుగు చప్పుడు, గూడు గట్టిదనం... అందులోనే ధర ఉంటుంది.

మనకు ధర్మవరం చీర ధర్మవరంలోనే పుట్టినట్టు అనిపిస్తుంది. దాని దారం ప్రయాణం మాత్రం ఇలాంటి మార్కెట్ల నుంచే మొదలవుతుంది.

హిందూపురం నుంచి లేపాక్షికి పదిహేను కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సు దిగేసరికే ఊరి మొదట్లో బసవన్న ఎదురొస్తాడు. ఒకే రాతిలో చెక్కిన నంది. పదిహేను అడుగుల ఎత్తు, ఇరవై ఏడు అడుగుల పొడవు. మెడలో గంటలు, వీపు మీద కుట్టుపని ఉన్న బట్ట... అన్నీ రాతిలోనే. ఆ నంది చూపు గుడి లోపలున్న ఏడుపడగల నాగలింగం వైపు ఉంటుంది. వంట అయ్యేలోగా శిల్పులు ఆ నాగలింగాన్ని చెక్కేశారనీ, అది చూసిన తల్లి కన్ను పడి రాయి పగుళ్లిచ్చిందనీ ఊళ్లో చెబుతారు.

గుడి కట్టింది తాబేలు వీపులా ఉన్న బండ మీద. అందుకే దానికి కూర్మశైలం అని పేరు. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529-42 మధ్యలో విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు వీరభద్రాలయాన్ని కట్టించారు. విరుపణ్ణ పెనుకొండలో కోశాధికారి. రాజు సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని ఫిర్యాదు వెళ్లిందనీ, శిక్ష పడకముందే తన కళ్లు తానే తీసి గోడకేసి కొట్టాడనీ కథ. కళ్యాణ మండపం సగంలో ఆగిపోయింది. పైకప్పు లేని ఆ స్తంభాల మధ్య నిలబడి గోడ మీది ఎర్రటి మరకల్ని గైడు చూపిస్తుంటే, ఉమ్మడి సంచి మోస్తున్న బ్యాంకావిడ ‘ఆడిటింగ్ అప్పుడూ ఉందన్నమాట’ అంది.

అందరూ వేలాడే స్తంభం కింద చున్నీ దూర్చి ఇవతలికి లాగే ఆటలో ఉంటే, ధర్మవరం మిత్రుడు లతామండపం దగ్గరే ఆగిపోయాడు. అక్కడి స్తంభాల నిండా తీగలు, పూలు, హంసలు, గళ్లు. ఒకదానిలా ఇంకొకటి ఉండదు. చీర అంచుల మీద లేపాక్షి డిజైన్ అని అమ్ముడుపోయేవి ఈ రాళ్ల మీది నుంచి దిగినవే. లోపల నాట్యమండపం పైకప్పులో వేసిన బొమ్మలు చూస్తే ఇంకా ఆశ్చర్యం. రామాయణ, భారత కథల్లోని ఆడవాళ్లంతా అయిదువందల ఏళ్ల నాటి చీరలు కట్టుకుని ఉన్నారు. చారలు, చుక్కలు, పూలు, పెద్ద అంచులు. విజయనగర కాలం బట్టల్ని తెలుసుకోవాలంటే పరిశోధకులు వచ్చి మెడలెత్తి చూసేది ఈ పైకప్పునే. లేపాక్షి ఆలయం, నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి.

‘ఈ తీగ మా ఇంట్లో ఉండాది’ అన్నాడు మిత్రుడు, ఓ స్తంభానికి ఫోనుతో ఫొటో తీస్తూ. ‘మా నాయన నేసినాడు. నాకు బాగా గుర్తు. అప్పుడు నేను కండెలు చుట్టేవాణ్ని.’

‘ఇప్పుడూ నేస్తారా?’ అని టీచరమ్మ అడిగింది.

‘ఇంగ చాల్లే అనుకుంటున్నాం. ఆదివారం మేస్త్రీ వస్తాడు. మగ్గం గుంట పూడ్చేసి టైల్స్ వేయిస్తే ముందు గది అద్దెకు పోతుంది.’

పొద్దున వచ్చిన ఫోను సంగతి అప్పుడు అర్థమైంది అందరికీ.

గాలి ఉంది, మేఘం ఆగదు

రెండో రోజు కెప్టెన్ లెక్చరర్. హిందూపురంలో బ్యాంకావిడ ఇంట్లో రాత్రి బస. పొద్దున రాగిసంగటి, ఊరిబిండి తిని పెనుకొండ రైలెక్కారు. నలభై కిలోమీటర్ల లోపే. ప్యాసింజరులో తలుపు దగ్గర నిలబడితే గాలి చెంపల మీద కొడుతుంది.

ఆషాఢం, శ్రావణం ఈ సీమలో గాలికాలం. నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం నుంచి బయల్దేరి, పడమటి కనుమలను ఢీకొని, మోసుకొచ్చిన నీళ్లలో ఎక్కువ భాగం అక్కడే కురిపించేస్తాయి. కనుమలు దాటి ఇటు వచ్చేది ఒట్టి గాలి. ఆకాశంలో తెల్లటి మేఘాలు పరుగులు తీస్తుంటాయి కానీ ఆగవు. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలకూ ఈ ప్రాంతం దూరమే. అటూ ఇటూ కాని చోటు కావడం వల్లనే, దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అనే పేరు అనంతపురానికి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాను విడదీశారు. ఈ మూడు ఊళ్లూ ఇప్పుడు పుట్టపర్తి కేంద్రంగా ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరు మారింది కానీ గాలి మారలేదు.

‘కరీబియన్‌లో గాలి ఉంటేనే ప్రయాణం. మనకు గాలి ఎక్కువైతే వాన పోయినట్టు’ అన్నాడు లెక్చరర్. ఆ దీవుల్లో కూడా గాలి ఎప్పుడూ చల్లగా చూడదు. జూన్ నుంచి నవంబరు దాకా అక్కడ హరికేన్ల కాలం. పడవలు చాలావరకు రేవుల్లో కట్టేసుకుంటారు. ఇక్కడ మాత్రం ఇదే గాలిని పట్టడానికి రామగిరి కొండల మీద 1990లలో గాలిమరలు నిలబెట్టారు. తెరచాపలు లేని ఊళ్లో గాలితో పని చేయించుకోవడం అలా మొదలైంది.

వాన ఆగనప్పుడు మనిషి ఏం చేయాలి? పడ్డ చుక్కను ఆపాలి. ఈ సీమలో ప్రతి ఊరికీ ఓ చెరువు ఉండడానికి కారణం అదే. రెండు కొండల మధ్య ఖాళీ చూసి కట్ట వేశారు. ఒక చెరువు నిండి మరవ పారితే కిందిది నిండాలి. కొండ మీద కోట కట్టినవాళ్లు కొండ కింద చెరువు తవ్వకుండా ఉండలేదు. నీళ్లు తీసేస్తే ఈ దీవులన్నీ ఒట్టి బండలే.

రెండో రేవు: పెనుకొండ

పెను అంటే పెద్ద. పెనుకొండ అంటే పెద్దకొండ. స్టేషన్లో దిగి తలెత్తితే పేరు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. సంస్కృతంలో ఘనగిరి అన్నారు.

1565లో తళ్లికోట యుద్ధంలో అళియ రామరాయలు పడిపోయాక, ఆయన తమ్ముడు తిరుమలరాయలు హంపీ ఖజానాను ఏనుగుల మీద కెక్కించుకుని వచ్చింది ఇక్కడికే. ప్రపంచంలోనే గొప్ప నగరాల్లో ఒకటి నేలమట్టమైతే, ఆ రాజ్యం తలదాచుకున్న దీవి ఈ కొండ. 1590లలో రాజధాని చంద్రగిరికి మారేదాకా పెనుకొండే సామ్రాజ్యానికి రాజధాని.

ఊళ్లో నడుస్తుంటే చరిత్ర అడుగడుగునా అడ్డు తగులుతుంది. రాజులు వేసవి విడిదిగా వాడుకున్న గగన్‌మహల్‌లో కింద ముస్లిం శైలి కమానులు, పైన హిందూ శైలి శిఖరం. రాముడి గుడి, శివుడి గుడి పక్కపక్కనే. కాస్త అవతల షేర్‌ఖాన్ మసీదు, పార్శ్వనాథుడి జైన ఆలయం. ఇంకొంచెం పోతే బాబయ్య దర్గా. ఫకృద్దీన్ బాబా అనే సూఫీ గురువు సమాధి అది. ఉరుసుకి కులమతాలతో పని లేకుండా మూడు రాష్ట్రాల జనం వస్తారు. రాయల మంత్రి తిమ్మరుసును కళ్లు తీయించి బంధించింది ఇక్కడేనని ఊరివాళ్ల మాట. ఆయనదని చెప్పే సమాధి కూడా ఉంది. లేపాక్షిలో కోశాధికారి కళ్లు, పెనుకొండలో మహామంత్రి కళ్లు... ‘ఈ సీమలో ఉద్యోగం చేసేవాళ్లు కళ్లు జాగ్రత్తగా చూసుకోవాల’ అని సూపర్‌వైజరు నవ్వించాడు.

పిల్లలతో వెళ్లేవాళ్లు కుంభకర్ణుడి తోట వదిలిపెట్టకూడదు. పడుకున్న కుంభకర్ణుడి భారీ విగ్రహం. నిద్ర లేపడానికి ఒంటి మీదకెక్కి తంటాలు పడుతున్న సైన్యం. కడుపులోకి దారి కూడా ఉంది. పిల్లలు బయటికి రామంటారు.

కొండ ఎక్కడం మాత్రం పిల్లలాట కాదు. రాతిమెట్లు, బురుజులు, మధ్య మధ్యలో కూలిన ద్వారాలు. కొన్నిచోట్ల గోడ రాళ్లను ముళ్లకంప కప్పేసింది. ప్రేమికుల పేర్లు సున్నంతో రాసినవి సరేసరి. నలుగురు ఎక్కుతుంటే ఒకరు వెనకబడతారు. పడవ నియమం ప్రకారం కెప్టెన్ ఆగాలి. ఆగాడు. అందరూ పైకి చేరేసరికి రెండున్నర గంటలు పట్టింది.

పైన గాలి! నిలబడితే తోసేస్తుంది. చున్నీలు, చొక్కాలు తెరచాపల్లా ఉబ్బాయి. పడమటి నుంచి మేఘాల నీడలు నేల మీద పాకుతూ వస్తున్నాయి. వేరుశనగ చేల మీదుగా, ఎర్రమట్టి దుక్కుల మీదుగా. ఆ నేలలోంచి అక్కడొకటి ఇక్కడొకటి లేచిన కొండలు... అచ్చం నీళ్లలో దీవుల్లాగే. ‘నేను పుస్తకంలో చెప్పేది ఇదే. పదేళ్లుగా చెబుతున్నా, ఇంత ఎత్తు నుంచి చూడ్డం నాకూ ఇదే మొదలు’ అన్నాడు లెక్చరర్.

కింద రెండు రకాల పెనుకొండ కనిపిస్తుంది. కొండ మొదట్లో పాత ఊరు, గుళ్లు, చెరువు. జాతీయ రహదారి వైపు ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరితే, 2019 ఆగస్టులో ఇక్కడ తయారైన మొదటి మోడల్ సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. ఐదువందల ముప్పై పైచిలుకు ఎకరాలు. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఏర్పాటు. హైవే పొడుగునా ఇప్పుడు కొరియా భాషలో బోర్డులు, కొరియా భోజనం పెట్టే హోటళ్లు. వేరుశనగ పండక బెంగళూరుకు వలస వెళ్లిన ఊళ్ల పక్కనే, సముద్రాలు దాటి వచ్చినవాళ్లు కాపురాలు పెట్టారు.

దానికీ మూలం నీళ్లే. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీళ్లను మెట్టు మెట్టుగా ఎత్తిపోస్తూ తెచ్చే హంద్రీ-నీవా పథకంలో భాగం పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయరు. ఆ నీళ్లు వచ్చి ఉండకపోతే ఇక్కడ ఫ్యాక్టరీ మాటే లేదు. ‘మా యూనిట్లో పనిచేసేవాళ్లలో సగంమంది ఇండ్లలో వాళ్ల నాయనలు సేద్యమో, మగ్గమో వదిలేసినోళ్లే. నేను తప్పనను. నెలకు జీతం ఒకటో తేదీకి పడుతుంది. మగ్గానికి ఒకటో తేదీ లేదు’ అన్నాడు సూపర్‌వైజరు. ధర్మవరం మిత్రుడు గాలివైపు తిరిగి కూర్చున్నాడు. అతను చెప్పాల్సిన మాటే ఇంకొకరు చెప్పేశారు.

చివరి రేవు: ధర్మవరం

మూడో రోజు రైలు ఉత్తరానికి. దారిలో శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్ వస్తుంది. 2000 సంవత్సరంలో మొదలైన స్టేషన్ ఇది. పుట్టపర్తి వెళ్లేవాళ్లంతా దిగిపోతే పెట్టె సగం ఖాళీ. ఆ దగ్గర్లోనే బుక్కపట్నం చెరువు. విజయనగరం తొలినాళ్లలో బుక్కరాయలు చిత్రావతి నీళ్లకు అడ్డంగా కట్టించాడని చెప్పే పెద్ద చెరువు. అదే చిత్రావతి కిందికి పారి ధర్మవరం చేరుతుంది. ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడయరు కట్టించి, తన తల్లి ధర్మాంబ పేరు ఊరికి పెట్టాడని స్థానిక కథనం. అంటే ఇక్కడ చెరువు, ఊరు కలిసే పుట్టాయన్నమాట!

నాటకాలంటే ఇష్టమున్నవాళ్లకు ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గుర్తొస్తారు. మిగతా తెలుగువాళ్లందరికీ ధర్మవరం అంటే ఒకటే, పట్టుచీర. పెద్ద అంచు, నిండైన జరీ కొంగు, బరువైన పట్టు. భౌగోళిక గుర్తింపు కూడా దక్కించుకున్న చీర. పెళ్లిలో తలంబ్రాల వేళ ఈ చీర లేని ఇల్లు సీమలో తక్కువ.

సందులోకి తిరగ్గానే చప్పుడు మారుతుంది. కొన్ని ఇళ్లలోంచి మరమగ్గాల మోత ఆగకుండా వస్తుంది. కొన్నిట్లోంచి చేనేత మగ్గం చప్పుడు ఆగి ఆగి వినిపిస్తుంది. అంచున్న చీరలను చేనేత మగ్గాలకే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చింది. అయినా చేత్తో వారాల తరబడి నేసేదాన్ని పోలిన చీరను మరమగ్గం చాలా తొందరగా ఇచ్చేస్తుంది. కొనేవాళ్లకు తేడా తెలియదు, తెలిసినా ధర తేడా ముందు నిలవదు. ముడిపట్టు ధర పెరిగినప్పుడల్లా కూలి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అప్పులు తీర్చలేక నేతన్నలు ప్రాణాలు తీసుకున్న వార్తలు ఈ ఊరి నుంచి ఎన్నోసార్లు వచ్చాయి.

‘రాండప్పా, రాండి. కూసోండి’ అని మిత్రుడి తండ్రి మగ్గం గుంటలోంచే పిలిచాడు. అరవై దాటిన మనిషి. గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపల తొక్కుడు పలకల మీద పెట్టి, నాడె అటూ ఇటూ విసురుతున్నాడు. పైన జకార్డ్ పెట్టె. దాని మీదుగా చిల్లుల అట్టలు దండలా దిగుతున్నాయి. ఏ అట్ట మీద చిల్లు ఎక్కడుందో దాన్ని బట్టే ఏ పోగు లేవాలో, అంచులో ఏ పువ్వు పూయాలో. సాఫ్ట్‌వేర్ కొడుకు వివరించాడు: ‘ఇదీ ప్రోగ్రామే. మా ఇంట్లో మొదటి ప్రోగ్రామర్ మా నాయన.’

పక్కన తల్లి రాట్నం మీద కండెలు చుడుతోంది. పడుగు ఒకసారి ఎక్కిస్తే మూడు చీరలొస్తాయి. రెండు అయిపోయాయి. ఇది మూడోది. పట్టు, జరీ సావుకారు ఇస్తాడు. వీళ్లది కూలి.

టీచరమ్మ లేపాక్షి ఫొటో చూపించింది. పెద్దాయన ఫోను దూరంగా పట్టుకుని చూశాడు. మాట్లాడలేదు. లేచి అటక మీది నుంచి గోనెసంచి దింపించాడు. తాడుతో కట్టిన పాత చిల్లుల అట్టల కట్ట. మూలలు నలిగాయి గానీ చిరగలేదు.

‘ఈ తీగే. నీ బారసాల ఏడు ఏసినా’ అన్నాడు కొడుకుతో. ‘ఇప్పుడు సావుకార్లు అడగరు. కొత్తయి కంప్యూటర్లో గీపిస్తారు.’

మేస్త్రీ వచ్చాడు. టేపు తీసి గది కొలిచాడు. గుంట లోతు చూశాడు. మట్టి, కంకర, సిమెంటు లెక్క చెప్పాడు. పని అరపూట.

‘నాయనా, నీకేం అభ్యంతరం లేదు కదా?’ అని కొడుకు మళ్లీ అడిగాడు. మోకాళ్లు నొప్పులని, చూపు తగ్గిందని చెప్పి ఒప్పించింది తనే. తప్పు కూడా కాదు.

‘నాకేముందిరా. పూడ్సేది అరపూట పని. మల్లా తవ్వాలన్నా అరపూటే. తవ్వేటోడు యాడైనా దొరుకుతాడు. కూసునేటోడే దొరకడు’ అన్నాడు పెద్దాయన, అదేదో వానాకాలం సంగతి చెబుతున్నట్టు.

గదిలో కాసేపు రాట్నం చప్పుడే వినిపించింది.

‘పడుగుకి మూడు చీరలన్నారు కదా’ అని బ్యాంకావిడ ఉమ్మడి సంచి విప్పింది. ‘కార్తీకంలో మా చెల్లెలి పెళ్లి. ఎట్లాగూ షాపులో కొనేదే. మామా, ఈ తీగతో నాకొకటి నేస్తారా? పట్టు, జరీకి ముందే డబ్బులిస్తాం.’ టీచరమ్మ తనకొకటి అంది. లెక్చరర్ వాళ్లమ్మకి మూడోది. సూపర్‌వైజరు లెక్క రాయడం మొదలుపెట్టాడు: సావుకారు లేకుండా పట్టు ఎంత, జరీ ఎంత, అచ్చు అతికినవాళ్లకు ఎంత, పెద్దాయన కూలి ఎంత. కూలి దగ్గర రాసిన అంకెను పెద్దామె కండె ఆపి చూసింది. ‘అంతొద్దులే అమ్మా’ అంది. ‘అంతే అత్తా. షాపులో దీనికి ఇంకా ఎక్కువే కడతాం’ అంది బ్యాంకావిడ.

ఇది మగ్గాన్ని బతికించే మందు కాదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఐదుగురు స్నేహితులు ధర్మవరం సమస్య తీర్చలేరు. మూడు చీరల తర్వాత మళ్లీ ఎవరడుగుతారో తెలియదు. ముందు గది అద్దె వస్తే ఆ ఇంటికి అవసరమే. కొడుకు ఇవన్నీ ఆలోచించుకుంటూ వాకిట్లో నిలబడ్డాడు. తర్వాత మేస్త్రీ దగ్గరికి వెళ్లి చెప్పాడు: ‘కార్తీకం కానీ అన్నా. అప్పుడు చూద్దాం.’

మేస్త్రీ టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. పెద్దాయన ఏమీ అనలేదు. మళ్లీ గుంటలో దిగి, ఆగిన చోటు నుంచి నాడె అందుకున్నాడు.

సాయంత్రం ధర్మవరం జంక్షన్లో ఎవరి రైలు కోసం వాళ్లు కూర్చున్నారు. ఉమ్మడి సంచిలో నలభై రూపాయలు మిగిలాయి. కెప్టెన్ టీ తెప్పించింది. కరీబియన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. కార్తీకంలో ఎవరెప్పుడు రావాలో మాత్రం మాట్లాడుకున్నారు.

వెళ్లాలనుకుంటే...

బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్లే చాలా రైళ్లు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మీదుగానే వెళ్తాయి. ధర్మవరం నుంచి కదిరి, పాకాల మీదుగా తిరుపతికీ దారి ఉంది. రోడ్డు మీద వచ్చేవాళ్లు బెంగళూరు-హైదరాబాద్ 44వ నంబరు జాతీయ రహదారిలో కొడికొండ చెక్‌పోస్టు దగ్గర తిరిగితే లేపాక్షి. పెనుకొండ ఆ రహదారి పక్కనే.

జులై నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వేసవిలో పెనుకొండ ఎక్కాలంటే తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ముదరక ముందే దిగిపోవాలి. నీళ్లు వెంట ఉండాలి. లేపాక్షి పైకప్పు బొమ్మలు బాగా కనిపించాలంటే ఉదయమే వెళ్లండి. ధర్మవరంలో చీర కొనేటప్పుడు అది చేనేతదా, మరమగ్గానిదా అని అడగండి. వీలైతే నేసేవాళ్ల ఇంటికే వెళ్లి చూడండి. గుంటలో దిగి కూర్చున్న మనిషి కనిపిస్తే, ఆ చీర ఎవరిదో మీకే తెలుస్తుంది.